క్యాసెట్‌లో కట్టిన పట్నం

మొన్న పాప బడి నుంచి ఫోన్ వచ్చింది. ఒకటో తరగతి టీచర్. "మీ పాప అబద్ధాలు చెప్తుంది మేడమ్, ఒకసారి వచ్చిపోండి" అంది. జగిత్యాల బస్టాండు దగ్గర ఆటో ఎక్కాను. ఎవరి పెన్సిలైనా తీసుకుందేమో, ఎవరినైనా కొట్టిందేమో అనుకుంటూ పోయాను. తీరా చూస్తే సంగతి ఇది. ఎవరి ఊరు ఏదని అడిగితే పిల్లలు మేడిపల్లి అని, బీర్పూర్ అని చెప్పారట. నా బిడ్డ లేచి "మా అమ్మమ్మ ఊరు నీళ్ల కింద ఉన్నది" అందట. పిల్లలు నవ్వారట. "ఆడ మా అమ్మకు ఇల్లు గూడ ఉన్నది" అని ఏడ్చిందట.

"మంచి ఊహనే మేడమ్. కాని గిట్ల అలవాటైతే కష్టం గదా" అంది టీచర్ నవ్వుతూ.

అది అబద్ధం కాదని, నేనే పాపకు చెప్పిన ముచ్చటని చెప్పబోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "సరే మేడమ్, చెప్తాను" అని పాప చెయ్యి పట్టుకుని వచ్చేశాను. సాయంత్రం మా ఆయన మస్కట్ నుంచి వీడియో కాల్ చేసి "ఏం సంగతి?" అంటే, "ఏం లేదు, అంత మంచిగనే ఉన్నది" అన్నాను. పాప నిద్రపోయింది. అప్పటి నుంచి మా ఊరే కళ్లలో తిరుగుతోంది.

మా ఊరు సిరిసిల్లకు దగ్గర, వాగు ఒడ్డున ఉండేది. ఇల్లిల్లూ తంబాకు వాసన. ఆడవాళ్లందరూ బీడీలు చేసేవాళ్లు. తడిపిన తునికాకును గోనెసంచిలో చుట్టి పెడితే, పొద్దున విప్పినప్పుడు వాన పడ్డ అడవి వాసన వచ్చేది. అమ్మ ఒళ్లో చాట, చేతిలో కత్తెర. ఆకు మీద రేకుముక్క పెట్టి కొలతకు కత్తిరించేది. ఆ కిర్రు కిర్రు చప్పుడు వింటూనే నేను లేచేదాన్ని, వింటూనే పడుకునేదాన్ని. బడి నుంచి రాగానే బీడీల మూతులు ముడవడం నా పని. ఎంత కడుక్కున్నా గోళ్లలో తంబాకు పోయేది కాదు. మక్కగటక తిన్నా, సర్వపిండి తిన్నా ఆ చేదు కొంచెం తగిలేది. అన్నానికి అది లేని రుచి ఉంటుందని నాకు హాస్టల్‌కు పోయాకే తెలిసింది.

ఇంట్లో ముగ్గురం. అమ్మ, నేను, బాపు తల్లి అయిన మా బాపమ్మ. బాపు దుబాయిలో ఉండేవాడు. అసలు ఆయన ఉన్నది మస్కట్లో. కాని మా వాడలో ఏ దేశం పోయినా దుబాయి పోయినట్టే. పెద్ద పెద్ద బిల్డింగులకు రాడ్లు కట్టే పని. నాకు ఆయన ముఖం కంటే గొంతే బాగా తెలుసు. ఆ గొంతు క్యాసెట్లో వచ్చేది.

అది మా వాడల్లో పద్ధతి. ఉత్తరం రాయాలంటే చదువు రావాలి. క్యాసెట్‌కు నోరుంటే చాలు. సెలవు మీద వచ్చినవాళ్లు తిరిగి పోయేటప్పుడు తీసుకుపోతారు, వచ్చేవాళ్లు తెస్తారు. మా క్యాసెట్లు ఎక్కువగా మోసేది కోరుట్ల కాక. ఆయన బాపు ఉండే గదిలోనే ఉండేవాడు, వాళ్ల ఊరు కోరుట్ల పక్కన. కాక వస్తే మా ఇంట్లో పండగే. సబ్బుల వాసన, తలనొప్పి నూనె వాసన, పాలపొడి డబ్బా. ఆ పాలపొడి నేను దొంగతనంగా గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని. అంగిట్లో అతుక్కుని మాట వచ్చేది కాదు. అమ్మ "ఎవలు తిన్నరు?" అంటే తల అడ్డంగా ఊపేదాన్ని, పెదవుల మీద తెల్లగా పెట్టుకుని.

క్యాసెట్ ఒకటే ఉండేది. అదే పోయేది, అదే వచ్చేది. బాపు మా మాటలు విని, వాటి మీదనే తన మాటలు నింపి పంపేవాడు. మేము ఆయన మాటలు విని, వాటి మీదనే మళ్లీ మాట్లాడేవాళ్లం. మా గొంతు పోవాలంటే ఆయన గొంతు చెరపాలి. అందుకే క్యాసెట్ నింపే రోజు వరకూ రోజూ వినేదాన్ని. అమ్మ బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు పోయినప్పుడు, స్పీకరుకు చెవి ఆనించి, ఆయన మాటల వెనక ఫ్యాను తిరిగే చప్పుడు, ఎవరో ఉల్లిగడ్డ వేయించే చప్పుడు, ఎవరిదో దగ్గు, అన్నీ వినేదాన్ని.

నింపడం మధ్యాహ్నం పూట. వాడంతా వచ్చేది. టేప్ రికార్డర్ ఎరుపు మీట నొక్కగానే మొదట బాపమ్మ.

"కొడుకా, ఇంటున్నవా?" అని ఆగేది. మళ్లీ "కొడుకా?" అనేది. తర్వాత అమ్మ వైపు తిరిగి "ఏందే, పలుకుతలేడు?" అనేది.

"అత్తమ్మా, గది ఫోన్ గాదు. మనం చెప్పుకుంటనే పోవాలె."

"గోడతోని మాట్లాడినట్టున్నది పిల్లా. గీ ఎర్రదాన్ని చూసుకుంట నేనేం మాట్లాడుదు?"

పక్కింటి పిలగాడు మీద పడి, "బావా, నాకు నల్లద్దాలు తే! ఈడ ఎండ శాన కొడుతుంది" అని అరిచేవాడు. "బర్రెల కాడికి పోయేటోనివి, నీకు నల్లద్దాలెందుకురా? బర్రెలు జడుసుకుంటయ్" అని అమ్మ అనేది. ఆ నవ్వంతా క్యాసెట్లోకి ఎక్కేది. తీరా తన వంతు వస్తే అమ్మ, అందరూ చూస్తుండగా రెండే మాటలు చెప్పేది. "అందరం మంచిగున్నం. పాణం జాగ్రత్త." ఆ మాటల వెనక కత్తెర మాత్రం ఆగేది కాదు. మిగిలిన టేపు నాది. ఒక పక్క మొత్తం, దాదాపు అరగంట.

క్యాసెట్‌కు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరూ చెప్పకపోయినా అందరికీ తెలుసు. చెడ్డ ముచ్చట చెప్పకూడదు. అక్కడ ఒంటరిగా ఉన్న మనిషి విని తట్టుకోలేడు, రాలేడు. అందుకని జ్వరాలు, తగాదాలు, చావులు కూడా క్యాసెట్లోకి పోయేవి కావు. నాకు ఏడేళ్లప్పుడు మా వాడలో ఒకాయన సెలవు మీద వచ్చాడు. భుజం మీది పెట్టె దించకముందే వాకిట్లో ఖాళీ మంచం చూసి "బాపు పొలం కాడికి పోయిండా?" అని అడిగాడు. ఎనిమిది నెలలుగా మేమందరం క్యాసెట్లలో చెప్పిన మాటే అది. ముసలాయన పోయిన ఎనిమిది నెలల నుంచీ. ఆయన ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. నా ముఖం కూడా చూశాడు.

నాకు పదేళ్లు వచ్చిన ఎండాకాలంలో జీపు వచ్చింది. దిగినవాళ్లు టేపులతో ఇళ్లు కొలిచి గోడల మీద ఎర్రరంగుతో నెంబర్లు వేశారు. మాది నలభై మూడు. వాగు మీద డ్యాం కడతారట, ఊరు మునుగుతుందట. ఇప్పుడే కాదు, రెండు మూడేళ్లకట. ఆ "అట" పట్టుకుని పెద్దవాళ్లు పొద్దంతా మాట్లాడుకునేవాళ్లు.

మా వెనకింట్లో గౌడు తాత ఉండేవాడు. తాళ్లెక్కి కల్లు గీసేవాడు. ఆయన బాధ వేరు.

"ఇండ్లకు నెంబర్లేసిండ్రు. మరి నా తాళ్లకో? అవి మునుగవా?" అన్నాడు. కల్లు పట్టే లొట్టిలో సున్నం కలిపి తెచ్చి నా ముందు పెట్టాడు. "బిడ్డా, నాకు రాత రాదు. నువ్వెయ్యి."

రెండు రోజులు ఆయనతో వాగొడ్డున తిరిగి తాటిచెట్టు తాటిచెట్టుకూ సున్నంతో నెంబరు వేశాను. ఆయనకు నెంబర్లతో పని లేదు, ఒక్కో చెట్టుకూ పేరుంది. "గిది గుడ్డిది, ఇయ్యదు. గిది మంకుది, ఎక్కనియ్యది. గిది మీ బాపు చిన్నగున్నప్పుడు ముంజలకు ఎక్కి దిగస్తలేక ఏడ్సినది." ఆ చెట్టుకు నలభై మూడు వేద్దామన్నాను. "వరుస తప్పుతది గదనే" అన్నాడు. మళ్లీ ఆయనే "ఎయ్యి, ఎవడడుగుతడు" అన్నాడు. మొత్తం నూట పదకొండు.

ఆ వారమే క్యాసెట్ నింపాలి. అమ్మ ముందుగానే నా చెవిలో చెప్పింది. "నెంబర్ల ముచ్చట తియ్యకు. డ్యాం ముచ్చట తియ్యకు. మీ బాపు మనసు ఖరాబైతది."

నా వంతు వచ్చేసరికి చెప్పడానికి ఏమీ లేదు. ఊరంతా ఉన్నది ఆ ఒక్క ముచ్చటే, దాన్ని తియ్యకూడదు. క్యాసెట్ తిరుగుతోంది. అప్పుడు నోటికి వచ్చింది.

"బాపూ, ఎనుకట ఒక ఊరుండె. దాని మీదికి నీళ్లచ్చినయ్. ఊరు మునిగింది. మనుషులు మునుగలే, ముందే పోయిండ్రు. నూరేండ్లయింది. వాళ్ల మునిమనుమలు మళ్లచ్చి నీళ్ల మీద పట్నం కట్టిండ్రు. గా పట్నం చరిత్ర చెప్తున్న, ఇను."

అట్లా మొదలైంది. నీళ్లలో నూట పదకొండు తాటిచెట్లు చావకుండా నిలబడి, పెరిగి పెరిగి రాయైపోయాయి. అవే పట్నానికి స్తంభాలు. పట్నంలో మెట్లు లేవు. పుట్టిన ప్రతి పిల్లకూ ఇరవై ఒకటో రోజున మోకు ఇస్తారు, గౌడు తాత నడుముకు కట్టుకుని చెట్టెక్కే తాడు లాంటిది. ఇంటికి పోవాలంటే ఎక్కాలి, బడికి పోవాలంటే దిగాలి. బస్సులు అద్దాలవి. అవి నీళ్ల అడుగున పాత రోడ్డు మీదే పోతాయి, పాత స్టేజీల దగ్గరే ఆగుతాయి, ఎందుకంటే కండక్టర్ దగ్గర టికెట్లు పాతవే మిగిలిపోయాయి. సిరిసిల్ల మగ్గాలు వాగు నీళ్లతో వాటంతటవే నడుస్తాయి. బట్ట తడిగానే పుడుతుంది, ఆకాశంలో ఆరేస్తారు. ప్రతి ఇంటికీ గచ్చు అద్దందే. ఎవరి ఇల్లు వాళ్ల పాతింటికి సరిగ్గా పైనే కట్టాలని చట్టం. అన్నం తింటూ కిందికి చూస్తే పాత పొయ్యి కనిపిస్తుంది.

పట్నం నుంచి ఎవరూ దుబాయి పోరు. దుబాయోళ్లే వచ్చి మా దగ్గర బీడీలు చేస్తారు, వాళ్ల ఇళ్లకు క్యాసెట్లు పంపుకుంటారు. వాళ్ల పాస్‌పోర్టులు సర్పంచి ఇనుప పెట్టెలో ఉంటాయి. ఎవరు ఎప్పుడు అడిగితే అప్పుడు తీసి ఇచ్చేస్తుంది. సర్పంచి ఒక ముసలమ్మ, గోడలతో మాట్లాడుతుంది.

"నన్నెందుకే సర్పంచిని జేసినవ్?" అంది బాపమ్మ పక్కనుంచి.

"నువ్వు గాదు, గామె వేరే."

"వేరైతే గామెకు నా లెక్క కాలునొప్పెందుకే?"

పట్నంలో ఇంకొక చట్టం కూడా పెట్టాను. ఎవరన్నా చచ్చిపోతే ఆ రోజే చెప్పాలి. దాచిపెడితే జుర్మానా, వెయ్యి బీడీల మూతులు ముడవాలి. అమ్మ తల ఎత్తి నా వైపు చూసింది, కాని ఆపలేదు. ఆమెకు అదంతా పిల్ల పిచ్చి ముచ్చట్లే.

రెండు నెలలకు సెలవు మీద వచ్చిన ఒకాయన జవాబు తెచ్చాడు. బాపు అందరికీ పేరు పేరునా చెప్పి, చివరికి నాకు చెప్పాడు.

"బిడ్డా, నీళ్లల్ల స్తంభం నిలవాలంటే కింద బండ తాకేదాక తోడాలె. నీ మేస్త్రీలకు చెప్పు. ఈడ మేము కట్టే బిల్డింగు ఎక్కితే సముద్రం కనవడ్తది. నీ పట్నం అంత ఎత్తుంటదా? గా పట్నంల మనిల్లు ఏడ ఉన్నది? గుర్తు చెప్పు, నేనచ్చినప్పుడు దొరకాలె గదా."

ఆ మాటను ఎన్ని సార్లు విన్నానో లెక్క లేదు. అంతవరకు ఆయన నన్ను అడిగేవి "బడికి పోతున్నవా? అమ్మ చెప్పినట్టు ఇంటున్నవా?" ఈ రెండే. మొదటిసారి నాకు మాత్రమే తెలిసిన ఒక సంగతి అడిగాడు. నా పట్నంలో ఇంకొక మనిషి కాలు పెట్టినట్టు అనిపించింది. నాతో ఆడుకునేవాళ్లు తక్కువ. బడిలో తంబాకు వాసన వస్తానని పక్కన కూర్చునేవాళ్లు కాదు. ఆ ఏడాది నేను అన్నం తిన్నా, నీళ్లు మోసినా ఆ పట్నంలోనే ఉన్నాను.

తర్వాత క్యాసెట్లో ఇంటి గుర్తు చెప్పాను. ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. తెలియక చెప్పలేదు. అమ్మ వద్దన్నది గుర్తుండే చెప్పాను. బాపుకు తెలియాలని, తెలిస్తే వస్తాడని, ఇల్లు ఉండగానే వస్తాడని. "మనిల్లు నలభై మూడో స్తంభం మీద ఉన్నది బాపూ. కిందికి చూస్తే పాతింటి గోడ మీద ఎర్రరంగుతోని నలభై మూడు అని కనవడ్తది. నీళ్లు రాకముందు జీపుల అచ్చినోళ్లు రాసిండ్రు. గదే గుర్తు."

అప్పటికి వాడవాళ్లు లేచి పోయారు, అమ్మ ఆకులు తడపడానికి పెరట్లోకి పోయింది. వినలేదు.

జవాబు వచ్చిన రోజు వాడంతా మా వాకిట్లో ఉంది. బాపు గొంతు ఎప్పటిలాగే బాపమ్మ కాళ్లనొప్పి అడిగింది. పక్కింటి పిలగాడికి నల్లద్దాలు తెస్తానంది. చివర్లో కొంచెంసేపు ఫ్యాను చప్పుడు మాత్రమే వినిపించింది. తర్వాత,

"బిడ్డా, గా ఎర్ర నెంబరు పట్నంల ఏసిండ్రా, మన ఊరిల ఏసిండ్రా? గిదొక్కటి చెప్పు నాకు."

అమ్మ చేతిలో కత్తెర ఆగింది. క్యాసెట్ తిరుగుతుండగా కత్తెర ఆగడం నేను అదే మొదటిసారి చూడటం. వాకిట్లో వాళ్లు ఒక్కొక్కరే లేచి, పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయారు.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నా ఎదురుగా కూర్చుంది.

"బాపు రావాలెనని చెప్పినవా?"

తల ఊపాను.

"గాయన పాస్‌పోర్టు కంపెనీ కాడుంటది. రెండేండ్లు నిండందే ఇయ్యరు. మీ బాపుకు ఎరుకైతే ఆగుతడా? ఖల్లివెల్లి అయితడు."

ఆ మాట మా వాడలో పిల్లలకు కూడా తెలుసు. కంపెనీ నుంచి చెప్పకుండా పారిపోయినవాడిని అట్లా అనేవాళ్లు. పై వాడ మనిషి ఒకాయన, భార్యకు బాగాలేదని విని అట్లాగే పారిపోయి, ఏడాది జైల్లో ఉన్నాడు.

"జైల్ల ఏస్తరా?" అన్నాను.

"ఏస్తరు. నువ్వే ఏపిచ్చినట్టయితది. ఇగ నీ ఇష్టం." అని చాట ఒళ్లోకి తీసుకుంది.

క్యాసెట్ నింపేటప్పుడు ఈసారి వాడవాళ్లను పిలవలేదు. నేను, అమ్మ, బాపమ్మ. ఎరుపు మీట నొక్కితే ఆయన అడిగిన మాట చెరిగిపోతుందని నాకు తెలుసు. దాని మీదనే మాట్లాడాను.

"బాపూ, నెంబరు పట్నంలనే ఏసిండ్రు. ఊరిల ఎవలు రాలే. జీపు రాలే. గదంత నేను కల్పించిన. పట్నం అబద్ధం."

అమ్మ చెప్పమన్నది మొదటి ముక్కే. చివరిది నేనే కలిపాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు. ఆయన గట్టిగా నమ్మాలని కావచ్చు.

జవాబు వచ్చింది. "మంచిది బిడ్డా. ఇగ నాకు నిమ్మళమైంది. బడికి పోతున్నవా? అమ్మ చెప్పినట్టు ఇంటున్నవా?" పట్నం గురించి ఒక్క మాట లేదు. అమ్మకు చెప్పాడు, ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టానని. నేను తర్వాత కూడా కొన్నాళ్లు ఆ పట్నంలో ఒక్కదాన్నే తిరిగాను. కాని అడిగేవాళ్లు లేక బస్సులు ఆగిపోయాయి. ఏ స్తంభం మీద ఎవరుండేవాళ్లో మెల్లగా మరిచిపోయాను.

రెండేళ్లకు ఊరు ఖాళీ చేయమన్నారు. దూరంగా గట్టు పక్కన కాలనీ, అందరికీ ఒకే కొలత ప్లాట్లు. జనం ఇళ్లు తామే విప్పుకున్నారు. తలుపులు, దూలాలు, పెంకులు బండ్ల మీద పోయాయి. పైకప్పు తీసేసిన ఇంట్లో ఎండ పడితే మా ఇల్లు ఎంత చిన్నదో తెలిసింది. అప్పుడే కోరుట్ల కాక సెలవు ముగించుకుని పోతూ క్యాసెట్ కోసం వచ్చాడు. టేప్ రికార్డర్ మూటలో కట్టేశాం. అమ్మ ఆయన్ని పక్కకు పిలిచి, "అన్నా, ఇగ దాచేది లేదు. నువ్వే ఎదురుంగ కూసోని నిమ్మళంగ చెప్పు" అంది. కాక "నేను చెప్తగదా చెల్లె" అన్నాడు.

కాలనీకి వచ్చి నెల దాటింది. ఇంకా గోడలు లేవలేదు, రేకుల కింద ఉండేవాళ్లం. డ్యాం నీళ్లు కూడా ఇంకా పాత ఊరిని ముంచలేదు. గౌడు తాత మాత్రం రోజూ తెల్లారి పాత ఊరికి నడిచిపోయి తన తాళ్లెక్కి వచ్చేవాడు. ఒక రోజు పొద్దెక్కాక తాత తిరిగి వస్తున్నాడు. నెత్తి మీద లొట్టి లేదు, తాడుతో బిగించిన పెద్ద అట్టపెట్టె ఉంది. వెనక బాపు.

తాత పెట్టె దించి చెప్పాడు. "చెట్టు మీదికెల్లి చూస్తే కూలిన గోడల నడుమ పెట్టె మీద ఎవడో కూసున్నడు. ఊరే లేదు, గీడ దొంగకేం పని అనుకున్న. దిగి చూస్తే మన పిలగాడు. 'తాతా, మా వాడ ఏది?' అని అడిగిండు. నేనేం చెప్పుదు?"

కంపెనీ అనుకోకుండా టికెట్ ఇచ్చిందట. సంబరంగా, ఎవరికీ చెప్పకుండా వచ్చి పాత ఊరి దగ్గర కారు దిగాడట. అమ్మ తంబాకు చేతులతోనే లేచి నిలబడింది.

"కోరుట్ల అన్నతోని చెప్పి పంపిన గదా. చెప్పలేదా?"

"అందరు మంచిగున్నరని చెప్పిండు" అన్నాడు బాపు.

కాక తప్పు కూడా కాదు. చెడ్డ ముచ్చట మోసుకుపోయే అలవాటు ఆయనకు లేదు. గదిలో ఎదురెదురుగా కూర్చుంటే నోరు రాలేదని తర్వాత ఎప్పుడో చెప్పుకుని ఏడ్చాడు. ఆ రోజు మా రేకుల ముందు వాడంతా చేరింది. కాక చెప్పాడని అమ్మ, అమ్మ చెప్పిందని వాడ, ఎవరో ఒకరు చెప్పే ఉంటారని అందరూ అనుకున్నారు. నూరు ఇళ్లు ఖాళీ అయితే ఒక మనిషికి తెలియలేదు.

బాపు కాళ్లు కడుక్కున్నాడు. నీళ్లు తాగాడు. చెంబు నాకిస్తూ నన్ను చూశాడు.

"నువ్వొక్కదానివే చెప్పినవ్ బిడ్డా. మళ్ల నువ్వే కాదన్నవ్."

కోపం లేదు. పొడుగైనవ్ బిడ్డా అన్నట్టే అన్నాడు.

రెండు నెలలున్నాడు. ఆ కాలనీలో అన్ని ఇళ్లూ ఒక్క తీరే. చాయ తాగడానికి పోయి దారి తప్పి, ఎవరి రేకుల ముందో నిలబడేవాడు. నేను పోయి పిలుచుకొచ్చేదాన్ని. ప్రతి మలుపు దగ్గరా "గిటా?" అని అడిగేవాడు. "గిటు బాపూ" అనేదాన్ని. పట్నం గురించి అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. నా అంతట నేను చెప్పడానికి ముఖం చెల్లలేదు. దారి బాగా తెలిసే వేళకు సెలవు అయిపోయింది. పోయేటప్పుడు అమ్మతో "ఇగ ఏదున్నా చెప్పుండ్రి" అన్నాడు. అమ్మ "ఆఁ" అంది.

తర్వాత క్యాసెట్లు పోయాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి. నాకు పదిహేనో ఏట, ఒక వానాకాలం పొద్దున బాపమ్మ లేవలేదు. చేసేవన్నీ చేశాం. అప్పటికి బాపు అక్కడ ఎత్తు నుంచి జారి కాలు విరిగి పడుకుని ఉన్నాడు. కదలలేని మనిషికి ఎట్లా చెప్తాం, కాలు అతికాక చెప్దాం అన్నారు పెద్దలు. ఫోన్ వస్తే ఎవరూ ఎత్తడానికి ముందుకు రాలేదు. అమ్మ నా చేతిలో పెట్టింది.

అన్నీ అడిగాడు. చదువు, వానలు, అమ్మ నడుం నొప్పి. తర్వాత "బాపమ్మకియ్యి" అన్నాడు.

"పండుకున్నది బాపూ."

"గీ యాళప్పుడా?"

"ఆఁ. నిద్రవట్టింది."

అటు పక్క చప్పుడు లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. కట్ కాలేదు, ఊపిరి వినిపిస్తోంది. నేను కూడా ఏమీ అనలేదు. ఎంతసేపో అట్లా ఉన్నాం.

"సరే బిడ్డా. లేపకు" అన్నాడు.

ఆ రోజు ఆయనకు అర్థమైందో లేదో నేను ఎప్పుడూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ మౌనంలో నాకు బోలెడంత సమయం ఇచ్చాడని మాత్రం తెలుసు. చెప్పకూడనిదాన్ని చెప్పే దారి, ఆ పట్నం కథ, పదేళ్లప్పుడు నాకు ఎవరూ నేర్పకుండానే దొరికింది. పదిహేనేళ్లకు ఎంత వెతుక్కున్నా దొరకలేదు. ఆయన ఫోన్ పెట్టేదాకా ఆగి, నేను లోపలికి పోయి, అందరితో "చెప్పలే" అన్నాను. అందరూ మంచి పని చేశావన్నారు.